మంత్రి గారూ, ఊరి చిరునామా కాదు, ఈఎస్ఐ నంబరు చూడండి

గౌరవనీయులైన కర్ణాటక కార్మిక శాఖ మంత్రి గారికి,

నమస్కారం. బెంగళూరు మారతహళ్లిలో నేనొక చిన్న క్లీనింగ్ సంస్థ నడుపుతున్నాను. మాది మదనపల్లె. పొద్దున్నే ఆఫీసులు ఊడ్చి తుడవడం, అపార్ట్‌మెంట్లలో మెట్లు, కారిడార్లు, పార్కింగ్ శుభ్రం చేయడం, ఇల్లు మారేవాళ్లకు డీప్ క్లీనింగ్ చేసిపెట్టడం మా పని. 22 మంది పనిచేస్తున్నారు. ఎక్కువమంది ఆడవాళ్లే. కదిరి, తనకల్లు, ములకలచెరువు, హిందూపురం, కుప్పం వైపు నుంచి వచ్చినవాళ్లు. ఈ లేఖను కన్నడంలో మీ కార్యాలయానికి పంపాను. ఇందులో ఉన్నది మావాళ్ల సంగతి కాబట్టి తెలుగులోనూ రాస్తున్నాను. చదివి వినిపిస్తే "అవును, ఇదే మా బాధ" అనో, "కాదు, అట్లా కాదు" అనో వాళ్లు చెప్పగలగాలి.

మా వ్యాపారంలో ఉన్నవాళ్లు ఇద్దరు కలిస్తే ఒకటే మాట: మనుషులు నిలవడం లేదు. చెప్పాపెట్టకుండా మానేస్తారు, ఊరికి పోయి రారు, ఇంకొకరు వెయ్యి రూపాయలు ఎక్కువిస్తామంటే పోతారు. ఈ మాటలు నిజమే. కానీ దీన్ని పనివాళ్ల బుద్ధికి అంటగట్టడం నాకు నచ్చదు. ఎవరు ఏ రోజు రాలేదో, ఎందుకు రాలేదో మా హాజరు పుస్తకంలో రాసుకుంటాం. ఆ కారణాలు వరసగా చదువుతుంటే తిరిగి తిరిగి రెండు విషయాలే కనబడతాయి. ఒకటి బస్సు, రెండోది ఊరు. ఈ రెండింటికీ మూలం ఒక్కటే, ఆధార్ కార్డు మీదున్న చిరునామా. ఉచిత బస్సుకు ఆ చిరునామా బదులు ఈఎస్ఐ, అంటే కార్మికుల ఆరోగ్య బీమా నంబరు చూడమని అడగడానికే ఈ లేఖ.

బస్సు సంగతి ముందు చెబుతాను. 2023 జూన్ 11న మీ ప్రభుత్వం శక్తి పథకం మొదలుపెట్టింది. మామూలు బస్సుల్లో ఆడవాళ్లు టికెట్టుకు డబ్బులు కట్టక్కర్లేదు. మా దగ్గర పనిచేసే కోలారు, ముళబాగిలు ఆడవాళ్లకు అది ఎంత మేలు చేసిందో కళ్లారా చూశాను. మునుపు బస్సు డబ్బులు మిగుల్చుకోవడానికి చీకటితోనే నడిచి వచ్చిన వాళ్లు ఇప్పుడు బస్సులో వేళకు వస్తున్నారు. అయితే ఆ పథకానికి కర్ణాటక చిరునామా ఉన్న గుర్తింపు కార్డు కావాలి. తనకల్లు ఆమె, ముళబాగిలు ఆమె ఒకే వీధిలో పక్కపక్క షెడ్లలో ఉంటారు, ఒకే బస్సెక్కుతారు, ఒకే ఆఫీసులో ఒకే జీతానికి తుడుస్తారు. ఒకరికి సున్నా టికెట్టు, ఇంకొకరికి డబ్బుల టికెట్టు. 2025 జనవరిలో ఛార్జీలు 15 శాతం పెరిగాక ఆ తేడా ఇంకా బరువైంది. చాలామందికి రెండు బస్సులు మారాలి. జీతం వచ్చిన మొదటి వారంలో అందరూ వస్తారు. నెల చివరి వారం వచ్చేసరికి మా పుస్తకంలో గైర్హాజరీలు పెరుగుతాయి, అవి ఎక్కువగా ఆంధ్రా చిరునామా ఉన్నవాళ్లవే. చేతిలో డబ్బులు అయిపోతే ఆ రోజు దగ్గర్లో ఏదో ఇంట్లో అంట్లు తోమి రోజు గడుపుకుంటారు. ఆమె రాలేదని ఆఫీసు మేనేజరు నాకు ఫోన్ చేసి అరుస్తాడు.

ఇన్నేళ్లుగా ఇక్కడే ఉంటున్నారు కదా, ఆధార్‌లో చిరునామా మార్చుకోవచ్చు కదా అని మీ అధికారులు అడుగుతారు. నేనూ వాళ్లను అడిగాను. వాళ్లు చెప్పిన జవాబు మీరు వినాలి. షెడ్డు ఓనరు అద్దె అగ్రిమెంటు ఇవ్వడు, అది మొదటి అడ్డంకి. దాన్ని ఎట్లాగో దాటినా, చిరునామా ఇక్కడికి మారితే ఊళ్లో రేషన్ కార్డు ఏమవుతుందో అని భయం. మా దగ్గర భర్త పోయిన ఆడవాళ్లు కొందరున్నారు. వాళ్లకు ఆంధ్రప్రదేశ్‌లో నెలకు 4,000 రూపాయల వితంతు పింఛను వస్తుంది. దాన్ని ఒకటో తారీఖున ఇంటికే తెచ్చి ఇస్తారు. అందుకే వాళ్లు నెలాఖరుకు ఊరికి పోతారు. వరసగా రెండు నెలలు తీసుకోకపోతే మూడో నెల మొత్తం కలిపి ఇస్తున్నారు కాబట్టి ఈ మధ్య ప్రయాణాలు కొంచెం తగ్గాయి. ఒంటరి ఆడమనిషికి ఆ 4,000 పిల్లవాడి ఫీజు, లేకుంటే అమ్మ మందులు. బెంగళూరు బస్సు టికెట్టు కోసం దాన్ని ఎవరు వదులుకుంటారు? నేనైనా వదులుకోను. ఒకటో తారీఖు వచ్చే వారంలో ఎవరెవరు ఊరికి పోతారో చూసుకుని మేం డ్యూటీ చార్టు వేసుకుంటున్నాం. అది మా తిప్పలు, మేం పడతాం. మిమ్మల్ని అడిగేది బస్సు గురించే.

బియ్యం విషయంలో ఈ గోడ ఇప్పటికే తొలిగింది. ఆహార భద్రతా చట్టం కింద ఉన్న కార్డు ఏ రాష్ట్రానిదైనా ఇక్కడి రేషన్ షాపులో వేలిముద్ర వేసి బియ్యం తీసుకోవచ్చు. మీ శాఖలోనే ఇంకో దారి ఉంది. భవన నిర్మాణ కార్మికులు పని చేసినట్టు రుజువు చూపిస్తే మీ సంక్షేమ మండలి నమోదు చేసుకుంటుంది, ఏ రాష్ట్రం వాళ్లని చూడదు. ఆ కార్మికులకు బెంగళూరు సిటీ బస్సుల (బీఎంటీసీ) ఉచిత పాసులు కూడా ఆ మండలి ఇచ్చింది. యాప్‌ల ద్వారా పనిచేసే గిగ్ కార్మికుల కోసం 2025లో మీరు తెచ్చిన చట్టంలోనూ ఒక్కో చెల్లింపు మీద 1 నుంచి 5 శాతం వరకు సంక్షేమ రుసుము ప్లాట్‌ఫారమ్‌ల దగ్గర వసూలు చేస్తారు. డెలివరీ కుర్రాడిది కర్నూలా, కలబురగా అని అక్కడ అడగరు. మా తుడిచేవాళ్లకు కూడా అదే న్యాయం చేయమంటున్నాను.

నేను కోరేది ఇది. కర్ణాటకలో ఈఎస్ఐ చందా కడుతున్న ప్రతి మహిళకూ, ఆమె ఆధార్ ఏ రాష్ట్రానిదైనా, శక్తి పథకం వర్తింపజేయండి. ఈఎస్ఐలో ఏప్రిల్ నుంచి సెప్టెంబరు ఒక చందా కాలం, అక్టోబరు నుంచి మార్చి ఇంకొకటి. ఒక చందా కాలంలో కనీసం 78 రోజుల చందా ఉంటే జబ్బు చేసినప్పుడు డబ్బు సాయానికి అర్హత వస్తుంది. అదే లెక్క బస్సు కార్డుకూ పెట్టండి. 78 రోజులు చందా పడిందా, తర్వాతి ఆరు నెలలు టికెట్టు లేకుండా పోవచ్చు. ఎవరి చందా ఎన్ని రోజులు పడిందో కంప్యూటర్లో కనబడుతుంది, కొత్తగా ఏ దరఖాస్తూ అక్కర్లేదు. ఈఎస్ఐ కార్పొరేషన్ కేంద్రానిదే అయినా ఈ రాష్ట్రంలో డిస్పెన్సరీలు నడిపేది మీ శాఖే. రవాణా శాఖ మీ చేతిలో లేదని తెలుసు. కానీ ఈ ప్రతిపాదన మంత్రివర్గంలో పెట్టగలిగింది మీరే.

దీనివల్ల మీ శాఖకూ ఒక మేలుంది, అది నాలాంటి వాళ్లకు ప్రాణం లాంటిది. ఈ నగరంలో క్లీనింగ్ పనిలో ఎక్కువ భాగం నోటి మాట మీద, చేతి డబ్బు మీద నడుస్తోంది. జీతం నూరు రూపాయలనుకుంటే నేను పీఎఫ్ కింద 12 రూపాయలు, దాని బీమా, నిర్వహణ ఖర్చుకు ఇంకో రూపాయి, ఈఎస్ఐకి 3.25, బోనస్‌కు 8.33 కలపాలి. దాదాపు 25 రూపాయలు. ఏ పత్రాలూ లేని మేస్త్రీ ఆ 25లో పది రూపాయలు పనిమనిషి చేతిలో పెట్టి, మిగిలిన దానిలో కొంత అపార్ట్‌మెంటు వాళ్లకు రేటు తగ్గించి, కొంత తాను ఉంచుకుంటాడు. పనిమనిషికి ఆ నెల జీతం ఎక్కువ కనబడుతుంది, అపార్ట్‌మెంటుకు బిల్లు తక్కువ కనబడుతుంది. కాంట్రాక్టు అతనికి పోతుంది, నేను శిక్షణ ఇచ్చిన మనిషి కూడా అతని వెంట పోతుంది.

మరి ఆమె పోగొట్టుకునేది ఏమిటి? మా దగ్గర పనిచేసే ఒకామెకు గర్భసంచి ఆపరేషన్ ఇందిరానగర్ ఈఎస్ఐ ఆసుపత్రిలో జరిగింది. చేతి నుంచి పైసా పెట్టలేదు. పనికి రాలేని రోజులకు జీతంలో 70 శాతం ఆమె ఖాతాలో పడింది. ఆ సాయం ఏడాదికి 91 రోజుల దాకా దొరుకుతుంది. ఆమె జీతంలో ఇందుకు కోసేది నూటికి ముప్పావలా, 75 పైసలు. కోలుకుని తిరిగి వచ్చింది, ఇప్పుడు మా సూపర్‌వైజర్ ఆమే. కానీ ఒళ్లు బాగున్నప్పుడు ఈఎస్ఐ విలువ ఎవరికి కనబడుతుంది? ఎంత చెప్పినా రేపటి జబ్బు కోసం ఈ రోజు జీతం కోయించుకోవడం కష్టం. అదే ఈఎస్ఐ నంబరుకు ప్రతి రోజూ పొద్దునా సాయంత్రం బస్సులో విలువ ఉంటే, "మేస్త్రీ, ముందు నాకు ఈఎస్ఐ కట్టు" అని ఆమే అడుగుతుంది. మీ ఇన్‌స్పెక్టర్లు ఎన్ని తనిఖీలు చేసినా రాని మార్పు అట్లా వస్తుంది. నమోదైన సంస్థలకు మనుషులు దొరుకుతారు, దొరికినవాళ్లు నిలుస్తారు.

పని పక్కా అయితే మనిషి వదిలిపోడని మీ ప్రభుత్వానికి తెలుసు. 2025 మే డే నాడు ఈ నగర పౌరకార్మికులు 12 వేల మందికి పైగా శాశ్వత నియామక పత్రాలు అందుకున్నారు. వాళ్లలో ఎన్నో కుటుంబాలు తరాల కిందట రాయలసీమ నుంచి వచ్చిన తెలుగువాళ్లవి. రోడ్డు ఊడ్చేవాళ్లకు దక్కిన ఆ భరోసాలో కొంతైనా ఆఫీసు లోపల తుడిచేవాళ్లకు దక్కాలి.

పని ఇచ్చేవాళ్ల గురించి కూడా ఒక మాట చెప్పాలి. కాంట్రాక్టరు జీతం ఎగ్గొడితే పని చేయించుకున్న యజమానే కట్టాలని 1970 కాంట్రాక్టు కార్మికుల చట్టం చెప్పింది, 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన కొత్త కార్మిక కోడ్‌లలోనూ ఆ బాధ్యత ఉంది. ఆ సంగతి చాలా అపార్ట్‌మెంటు సంఘాలకు తెలియదు. మూడు కొటేషన్లు తెప్పించి తక్కువదానికి సంతకం పెడతారు. ఆ రేటులో కనీస వేతనం కూడా గిట్టదని ఎవరూ లెక్క వేసి చూడరు. మీ శాఖ నుంచి ప్రతి సంఘానికీ ఒక కాగితం పంపండి: ఈ సంవత్సరం కనీస వేతనం ఇంత, దాని మీద చట్టబద్ధమైన ఖర్చు ఇంత, ఇంతకన్నా తక్కువకు కొటేషన్ ఇస్తున్నాడంటే ఎవరి కడుపో కొడుతున్నాడు, ఆ బాకీ రేపు మీ మీద పడుతుంది. సంఘం కార్యదర్శులు చదువుకున్నవాళ్లు, కాగితం చూస్తే జాగ్రత్త పడతారు. ప్రతి నెలా బిల్లుతో పాటు ఈఎస్ఐ చలానా కాపీ అడగమని కూడా రాయండి. మేం సంతోషంగా ఇస్తాం.

ఇదే కాగితంలో ఇంకొకటి చేర్చాలి. మురుగునీటి శుద్ధి ట్యాంకులోకి ఒక మనిషిని దింపమని మమ్మల్ని అడిగిన చోట్లున్నాయి. కారిడార్లు తుడిచే కుర్రాడే కదా, దిగి రెండు బకెట్లు తోడితే ఏం పోతుంది అన్నట్టు అడుగుతారు. ప్రాణం పోతుంది. రక్షణ పరికరాలు లేకుండా మురుగు ట్యాంకుల్లోకి మనిషిని దింపడాన్ని 2013 చట్టం నేరమంది. మేం ఒప్పుకోం, ఆ కాంట్రాక్టు పోయినా సరే. ఒప్పుకునేవాడు ఎవడో ఒకడు దొరుకుతాడన్నదే నా భయం.

పిల్లల సంగతి కూడా చూడాలి. మా షిఫ్టు పొద్దున ఆరున్నరకు మొదలవుతుంది, అంగన్‌వాడీ ఆ వేళకు తెరవదు. పల్లెల్లో గ్రామ పంచాయతీల తరఫున "కూసిన మనె" శిశుపాలనా కేంద్రాలు తెరిచారు. అట్లాంటివి మున్నేకొలాల, కుందలహళ్లి, కె.ఆర్.పురం లాంటి చోట్ల పొద్దున్నే తెరిస్తే చిన్నపిల్లల తల్లులు ఎంతోమంది పనికి రాగలుగుతారు.

మంత్రి గారూ, శక్తి పథకాన్ని ఈఎస్ఐతో ముడిపెట్టడం వెంటనే రాష్ట్రమంతా వీలుకాదంటే, మహదేవపుర ప్రాంతంలో ఆరు నెలలు, ఒక్క చందా కాలం, ప్రయోగంగా చేసి చూడండి. మా 22 మంది చందా వివరాలు, మా హాజరు పుస్తకాలు మీ అధికారుల ముందు పెట్టడానికి నేను సిద్ధం. ఎవరి హాజరు పెరిగిందో, ఎవరు మానలేదో వాళ్లే లెక్క తీయవచ్చు. వచ్చే అక్టోబరులో మొదలయ్యే చందా కాలానికి ముందే మీ నిర్ణయం వస్తుందని ఎదురుచూస్తాం.

ఇట్లు,
ఒక చిన్న క్లీనింగ్ సంస్థ యజమాని,
మారతహళ్లి, బెంగళూరు