మా ఇంటి స్లాబుని సుత్తితో తట్టి విన్న పెద్దాయనకి

గౌతమి ఎక్స్‌ప్రెస్ ఇప్పుడే సామర్లకోటలో కదిలింది. అమ్మ కింది బెర్త్‌లో పడుకుంది. నేను పై బెర్త్ మీద కూర్చుని ఫోన్‌లో ఇది టైపు చేస్తున్నాను. నెల రోజుల్లో కాకినాడకి ఇది మూడో ట్రిప్పు. ఒళ్ళు హూనమైపోయింది కానీ నిద్ర రావడం లేదు. ఈ రాత్రే రాసేయాలి. రేపు దిగగానే ఆఫీసు, పిల్లల స్కూలు, అన్నీ మీద పడతాయి. ఆ పెద్దాయనకి చెప్పాల్సిన మాట నాలోనే ఉండిపోతుంది.

మా నాన్నగారు కాకినాడ గాంధీనగర్‌లో కట్టించిన ఇల్లు అమ్మకానికి పెడుతున్నాం. నాన్న పోయి ఏడాదిన్నర. సంవత్సరీకాలు అయ్యేదాకా అమ్మ ఆ మాటే ఎత్తనివ్వలేదు. తర్వాత మోకాళ్ళ నొప్పులు, బీపీ, అంత ఇంట్లో ఒక్కతే ఉండటం. ఒకరోజు తనే ఫోన్ చేసి "ఇంక అమ్మేద్దాంలేవే" అంది.

ఐదు సెంట్ల స్థలం, అంటే 242 గజాలు. 1995 మే నెలలో స్లాబు వేశారు. 1996 మాఘంలో గృహప్రవేశం. ఆ ఏడాదే నవంబరు 6న పెద్ద తుపాను వచ్చింది. కోనసీమలో కొబ్బరి చెట్లన్నీ నేలమట్టమైన రాత్రి, మా వీధిలో పెంకుటిళ్ళ వాళ్ళందరూ మా హాల్లోనే పడుకున్నారు. నాకప్పుడు ఎనిమిదేళ్ళు. చీకట్లో గాలి హోరు, ఎవరో చంటిపిల్లాడి ఏడుపు, నాన్న లాంతరు పట్టుకుని తలుపుకి వీపు ఆనించి నిలబడటం నాకింకా గుర్తే.

ఆ ఇల్లు చూడటానికి నలుగురు బ్రోకర్లు వచ్చారు. ఒక్కరు కూడా డాబా ఎక్కలేదు. "ముప్పై ఏళ్ళ బిల్డింగండి, ఎవరు కొన్నా పడగొట్టేదే. స్థలం రేటు చెప్పండి, ఇల్లు లెక్కలోకి రాదు" అన్నారు. ఒకాయనైతే పడగొట్టే ఖర్చు కూడా రేటులోంచి తగ్గించాలన్నాడు. ఇంకొకాయన పెచ్చులూడిన చోట పుట్టీ పెట్టి రంగు కొట్టించమని సలహా ఇచ్చాడు. అమ్మ వంటింటి గుమ్మంలో నిలబడి అన్నీ వింది. ఆ రాత్రి అన్నం కలిపి, తినకుండానే కంచం పక్కన పెట్టేసింది.

అప్పుడనిపించింది, అమ్మే ముందు ఈ ఇంటి పరిస్థితి ఏమిటో తెలిసినవాళ్ళతో చూపించాలని. హైదరాబాద్‌లో డబ్బు తీసుకుని ఇళ్ళు తనిఖీ చేసే కంపెనీకి ఫోన్ చేస్తే కాకినాడ రామన్నారు. ఇక్కడ లైసెన్సు ఉన్న ఒక ఇంజినీరుని అడిగితే "ఫోటోలు వాట్సాప్‌లో పెట్టండి, ఎనిమిది వేలు, రెండ్రోజుల్లో స్టెబిలిటీ సర్టిఫికెట్ ఇచ్చేస్తా" అన్నాడు. ఒక్కసారి వచ్చి చూడరా అంటే "చూడ్డానికేముందమ్మా, ఫార్మాటే కదా" అన్నాడు. మనుషులు కాపురముండే ఇంటికి, చూడకుండానే సంతకం. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ నా కడుపు మండిపోతుంది.

జూన్ 13న మెయిన్ రోడ్డులో ఒక హార్డ్‌వేర్ షాపుకి వెళ్ళాను, డాబా లీకేజీకి ఏం వాడతారో కనుక్కుందామని. అక్కడ స్టూలు మీద ఒక పెద్దాయన కూర్చుని పేపరు చదువుకుంటున్నారు. నా మాటలు విని తలెత్తి "స్లాబు ఏ సంవత్సరంలో వేశారమ్మా?" అన్నారు. చెప్పాను. "మే నెలా? ఎండల్లో వేశారే. ఎవరు తడిపారు?" అన్నారు. నాకేం తెలుసు. కాసేపు నా ముఖం చూసి "రేపు పొద్దున్నే వస్తాను. ఎండెక్కితే డాబా మీద నిలబడలేను" అన్నారు. ఎంత తీసుకుంటారో అడిగేలోపే మళ్ళీ పేపర్లో తల దూర్చేశారు.

ఆయన పేరు రాయొద్దన్నారు కాబట్టి రాయడం లేదు. రోడ్లు భవనాల శాఖలో ఇంజినీరుగా చేసి 2009లో రిటైరయ్యారు. డెబ్భై దాటాయి. మర్నాడు ఏడు కాకముందే పాత టీవీఎస్ మీద వచ్చేశారు. భుజాన గుడ్డసంచిలో ఒక చిన్న సుత్తి, టార్చి, టేపు, సుద్దముక్కలు, దారానికి కట్టిన ఇత్తడి గుండు, నోటు పుస్తకం. చెప్పులు గుమ్మం బయట విడిచి, ముందు అమ్మ దగ్గరికి వెళ్ళి "చెల్లెమ్మగారూ, ఇల్లంతా తిరగాలి. పూజగది కప్పు కూడా చూడాలి, వెళ్ళొచ్చా?" అని అడిగారు. ఇన్నాళ్ళలో ఆ ఇంట్లోకి వచ్చినవాళ్ళెవరూ అమ్మని అలా అడగలేదు.

ఫ్యాన్లన్నీ ఆపించారు. స్టూలెక్కి, హాలు కప్పుని అడుగడుగునా సుత్తితో మెల్లగా తట్టుకుంటూ పోయారు. తట్టడం, చెవి వాల్చి వినడం, మళ్ళీ తట్టడం. ఖంగుమంటే ముందుకు వెళ్ళిపోయేవారు. డొల్లగా మోగితే అక్కడ సుద్దతో గుండ్రంగా గీసేవారు. నన్ను కూడా స్టూలెక్కించి రెండు చోట్ల తట్టించారు, తేడా నా చెవితో నేనే వినాలని. మూడు గదులు, హాలు, వంటిల్లు పూర్తయ్యేసరికి తొమ్మిదిన్నర దాటింది. చొక్కా వీపుకి అతుక్కుపోయింది. హాలు మొత్తానికి సుద్ద గుర్తు ఒక్కటి కూడా లేదు.

కిందకి దిగి చేతులు కడుక్కుని, అమ్మ ఇచ్చిన మజ్జిగ తాగుతూ, షాపులో నన్నడిగిన ప్రశ్నే అమ్మని అడిగారు. "ఈ స్లాబు తడిపిందెవరు చెల్లెమ్మా?"

అమ్మ చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత మొదలుపెట్టింది. నాన్న గుమాస్తా ఉద్యోగం. స్లాబు మీద మట్టితో మళ్ళు కట్టి, తెల్లవారుజామున నూతిలోంచి చేది నింపేవారట. మధ్యాహ్నం అందరూ క్యారేజీలు విప్పుకునే టైములో సైకిలేసుకుని వచ్చి మళ్ళీ నింపేవారట. సాయంత్రం మళ్ళీ. అలా ఇరవై ఒక్క రోజులు. కూలీని పెట్టుకోవచ్చు కదా అంటే "వాడు ఒక మడి వదిలేస్తే మనకి తెలీదు" అన్నారట. చేంతాడు ఒరుసుకుని అరచేతులు పుళ్ళు పడితే అమ్మ పసుపు, కొబ్బరినూనె కలిపి రాసేదట. ఇవేవీ నాకు తెలీదు. ముప్పై ఏళ్ళలో ఒక్కసారి కూడా ఎవరూ చెప్పలేదు.

ఆయన గ్లాసు కింద పెట్టి "అదే వినిపిస్తోందమ్మా. మే నెలలో వేసిన స్లాబు, సముద్రం పక్కన ఊరు, ఇన్నేళ్ళ తర్వాత ఇలా మోగుతోందంటే ఎవరో దగ్గరుండి తడిపారు అనుకున్నాను" అన్నారు.

నేను పెరట్లోకి వెళ్ళిపోయాను. నుయ్యి పూడ్చేసి అక్కడ జామచెట్టు వేశాం. ఆ చెట్టు పట్టుకుని ఎంతసేపు ఏడ్చానో నాకే తెలీదు. నాన్న పోయిన రోజు కూడా అంత ఏడవలేదు, పనులన్నీ నేనే చూసుకోవాల్సి వచ్చి. లోపల అమ్మ గొంతు వినిపిస్తూనే ఉంది. సెంట్రింగ్ కర్రలు ఎక్కడివో, ఇసుక ఏ రేవు నుంచి తెచ్చారో, అన్నీ చెబుతోంది. ఏడాదిన్నరగా ఎవరితోనూ నాలుగు మాటలకు మించి మాట్లాడని మనిషి.

మంచి మాట చెప్పారని మాత్రమే పొగడటం లేదు. బాగోలేనివి కూడా అంతే వివరంగా చెప్పారు. సముద్రం వైపు సన్‌షేడ్లు మూడూ పాడైపోయాయి. ఊచల కింద సిమెంటు ముప్పావంగుళం కూడా లేకపోవడంతో ఉప్పుగాలికి ఇనుము తుప్పు పట్టి, ఉబ్బి, పెచ్చుల్ని బయటికి తోసేసింది. పుట్టీ పెట్టి రంగు కొడితే మొదటి ముసురుకే రాలిపోతుందన్నారు. వెనక బాత్రూం స్లాబు పనికిరాదు, తీసేసి కొత్తది వేయాల్సిందే. ఆ బాత్రూంలో గీజరుకి అసలు ఎర్తింగే లేదు! అమ్మ పదేళ్ళ నుంచి దానితోనే స్నానం చేస్తోంది. "ఇది అమ్మకం సంగతి కాదమ్మా, ముందు దీని స్విచ్చి ఆపండి" అని అప్పటికప్పుడు ఫ్యూజు పీకించారు.

వంటింటి గోడ మీద పొడుగాటి పగులుంది. ఆ పగులుకి అడ్డంగా ఒక సన్నటి అద్దం ముక్క సిమెంటుతో అతికించి, పక్కన పెన్సిల్‌తో 14-6 అని తేదీ వేశారు. గోడ కదులుతుంటే అద్దం విరుగుతుందట. వంటిల్లు తర్వాత కలిపి కట్టింది కాబట్టి పాత గోడకీ కొత్త గోడకీ మధ్య వచ్చిన పగులే అయ్యుంటుంది, అయినా నెల్లాళ్ళు చూడందే చెప్పనన్నారు. జూన్ ఆఖర్లో రెండోసారి వచ్చినప్పుడు డాబా తూములకి గుడ్డలు కుక్కి, రెండంగుళాల నీళ్ళు నిలబెట్టించి, మర్నాడు కింద గదులన్నీ టార్చి వేసి చూశారు. మెట్ల గది మూలలో తప్ప ఎక్కడా చెమ్మ రాలేదు. నిన్న మూడోసారి వచ్చారు. అద్దం చెక్కుచెదరలేదు.

స్థలం కూడా టేపు పెట్టి రెండుసార్లు కొలిచారు. దస్తావేజులో 242 గజాలు, నేల మీద 236. కాలువ వేసినప్పుడు ప్రహరీ లోపలికి జరిపిన ఆరు గజాలు. "కొనేవాళ్ళు కొలిచి అడిగేలోపు మీరే చెప్పండి" అన్నారు.

ఆరు పేజీలు, తెలుగులో, గుండ్రటి అక్షరాలతో, బొమ్మలు గీసి మరీ రాసిచ్చారు. వెంటనే చేయించాల్సినవి, కొన్నవాళ్ళు చేయించుకోవచ్చు అనుకునేవి, దాచకుండా చెప్పాల్సినవి. ఆషాఢం వెళ్ళి శ్రావణం రాగానే బోర్డు పెడతాం. ఇల్లు చూడ్డానికి వచ్చిన ప్రతివాళ్ళ చేతిలో ముందు ఆ ఆరు పేజీలే పెడతాం.

కవరులో డబ్బు పెట్టి ఇస్తే తీసుకోలేదు. ఎంత బతిమాలినా తీసుకోలేదు. "ముప్పై మూడేళ్ళు కట్టించాను, కొలతలు తీశాను, బిల్లులు రాశాను. కట్టాక ఆ బిల్డింగు ఎలా ఉందో మళ్ళీ వెళ్ళి చూసే వీల్లేదు. ముప్పై ఏళ్ళ స్లాబు తీరిగ్గా తట్టి చూడనిచ్చారు, చాలమ్మా" అన్నారు. బాబాయిగారూ, మీరు ఇలాంటివి చదవరని తెలుసు. షాపతను మీకు చదివి వినిపిస్తానన్నాడు. మా అమ్మకి మీరేం చేశారో మీకు తెలీదు. నాకు మాటలు రావడం లేదు.

ఇక ఆఫీసుల గురించి రాయకూడదనే అనుకున్నాను, కానీ మనసు ఒప్పుకోవడం లేదు. ఈసీ, అంటే ఆస్తి మీద తనఖాలేమైనా ఉన్నాయేమో చూపించే కాగితం, తీస్తే 1994 నాటి ఇంటి లోను తనఖా ఇంకా కనిపిస్తోంది. 2006లోనే ఆఖరి పైసాతో సహా కట్టేశాం, రసీదు ఉంది, ఒరిజినల్ పత్రాలు మా దగ్గరే ఉన్నాయి. తనఖా తీరిపోయిందని చెప్పే రిలీజు దస్తావేజు రిజిస్టరు చేయలేదు, అంతే. లోను ఇచ్చినవాళ్ళని అడిగితే రిజిస్ట్రేషన్ ఆఫీసుకి పొమ్మంటారు, అక్కడికి వెళితే వాళ్ళ సంతకం తెమ్మంటారు. నాలుగుసార్లు తిరిగాం. ఒకసారి సర్వరు పనిచేయలేదు. అమ్మ ఆ మెట్ల మీద కూర్చుంది, కుర్చీ కూడా లేదు. ఆ ఒక్క లైను కోసం ఇంతమంది ఇన్ని కాగితాలు అడిగారు, ఇల్లు మనిషి ఉండటానికి బాగుందా లేదా అని ఒక్క కాగితంలో ఒక్క గడి కూడా లేదు.

మా ఆయన, డల్లాస్ నుంచి పవరాఫ్ అటార్నీ పంపిన మా తమ్ముడు, పిల్లల్ని చూసుకున్న అత్తయ్యగారు, మీకు వేరే చెప్పక్కర్లేదు.

అయ్యో, వీళ్ళని మర్చిపోయాను. డాబా మీద నింపడానికి మా మోటారు మొరాయిస్తే తమ పైపు వేసి రెండు గంటలు నీళ్ళు పట్టించిన పక్కింటి మామ్మగారు. ఆదివారమైనా వచ్చి గీజరుకి ఎర్తు గుంట తవ్వి, బొగ్గు, ఉప్పు వేసి పూడ్చిన ఎలక్ట్రీషియన్. సన్‌షేడ్ల పనికి అడ్వాన్సు కూడా అడగని తాపీ మేస్త్రి. రిజిస్ట్రేషన్ ఆఫీసు కౌంటర్లో, అప్లికేషన్‌లో నేను తప్పు రాసిన డోరు నంబరు చూసి "అక్కా, ఇది మళ్ళీ రాయండి, లేకపోతే ఇంకో వారం పడుతుంది" అన్న అమ్మాయి.

ఇంకా టేపు రెండో కొస పట్టుకుని ఎండలో ప్రహరీ చుట్టూ తిరిగిన ఎదురింటి పదో తరగతి పిల్లాడు. ఆ ఆరు గజాల తేడా ముందు లెక్కగట్టింది వాడే.

రాజమండ్రి వచ్చేసింది. అమ్మ లేచి కూర్చుంది, బీపీ మాత్ర ఇవ్వాలి.