విల్ ఐస్నర్ సైన్యానికి గీసిన బొమ్మల సంగతి

సంపాదకులకు నమస్కారం.

మొన్నటి ఆదివారం అనుబంధంలో అమెరికా బొమ్మల కథల రచయిత విల్ ఐస్నర్ గురించి వేసిన వ్యాసం చదివాను. ఆయన గీసిన ముసుగు డిటెక్టివ్ కథ ‘ద స్పిరిట్’ గురించి, 1978లో వచ్చిన బొమ్మల పుస్తకం ‘ఎ కాంట్రాక్ట్ విత్ గాడ్’ గురించి, ఆయన పేరు మీద 1988 నుంచి ఇస్తున్న అవార్డుల గురించి బాగా రాశారు. కానీ నడుమ ఉన్న కాలాన్ని ‘కొంతకాలం సైన్యానికి బొమ్మలు వేశారు’ అని ఒక్క ముక్కలో దాటేశారు. ఆ కొంతకాలం ఇరవై ఏళ్లకు పైమాటే. మన సైన్యంలో బండ్లు, యంత్రాలు బాగుచేసే ఈఎంఈ విభాగంలో వెహికల్ మెకానిక్‌గా చేరి హవల్దారుగా రిటైరైన నాకు అక్కడ మనసు చివుక్కుమంది.

ఎందుకో చెప్పాలంటే 1986 చలికాలానికి వెళ్లాలి. లద్దాఖ్‌లో ఉన్నాం. రాత్రి బండ్లు నిలిపేటప్పుడు కూలింగ్ సిస్టమ్ ఖాళీ చేయాలని ఇంగ్లీషులో, హిందీలో కాగితం అంటించి ఉంది. పాతపట్నం వైపు నుంచి కొత్తగా వచ్చిన డ్రైవరు కుర్రాడు రేడియేటర్ నీళ్లు తీసేసి పడుకున్నాడు. ఇంజన్ బ్లాకుకు వేరే డ్రెయిన్ ట్యాపు ఉంటుందని వాడికి తెలీదు. తెల్లారేసరికి లోపలి నీళ్లు గడ్డకట్టి మా శక్తిమాన్ లారీ ఇంజన్ బ్లాకు పగిలింది. ‘నీళ్లు ఒగ్గేసినాను ఉస్తాద్, రెండో ట్యాపుందని ఎవులు సెప్పినారు?’ అని ఏడ్చాడు. ఆ కాగితం చదివి నేను మాత్రం ఏం చెప్పగలను? అందులో రెండో ట్యాపు మాటే లేదు. శిక్ష మాత్రం ఆ కుర్రాడికే పడింది. ఆ సాయంత్రం స్పేర్ పార్టుల అట్టపెట్టె చింపి, బండి బొమ్మ గీసి, ట్యాపులు రెండింటికీ ఎర్ర రంగు వేసి, కింద నీళ్లు కారుతున్నట్టు గీసి గ్యారేజీ గోడకు తగిలించాను. నేను అక్కడున్నన్నాళ్లూ మరో బ్లాకు పగల్లేదు.

ఈ పనినే ఐస్నర్ నాకంటే నలభై ఏళ్ల ముందే లక్షల మంది సిపాయిల కోసం చేశాడని ఈ మధ్యే తెలిసింది. ఆయన 1917లో బ్రూక్లిన్‌లో పుట్టారు. తండ్రి నాటకాల తెరలు గీసినవాడు. 1940 జూన్ 2 నుంచి ‘ద స్పిరిట్’ పదహారు పేజీల పుస్తకంగా ఆదివారం పత్రికలతో పాటే ఇళ్లకు చేరేది. 1942లో సైన్యంలోకి తీసుకున్నాక బండ్ల సంరక్షణ గురించి సైన్యం వేసే ‘ఆర్మీ మోటార్స్’ అనే పత్రికకు జో డోప్ అనే సిపాయి బొమ్మను సృష్టించారు. బండి విషయంలో ఏం చేయకూడదో అదే చేసి చిక్కుల్లో పడేవాడు జో. యుద్ధం అయ్యాక బయటికొచ్చినా ఆ పని వదల్లేదు. కొరియా యుద్ధ కాలంలో, 1951లో, సైన్యం సామగ్రిని ఎలా చూసుకోవాలో చెప్పే ‘పీఎస్’ అనే నెలపత్రిక మొదలైంది. పీఎస్ అంటే మనం ఉత్తరం చివర వేసే తా.క. లావుపాటి మాన్యువళ్లకు అది తా.క. అన్నమాట. 1971 వరకు దాని బొమ్మల బాధ్యత ఐస్నర్‌దే. కొరియాకూ వియత్నాంకూ స్వయంగా వెళ్లి సిపాయిలతో మాట్లాడి వచ్చేవారు. అక్కడ కలిసిన మనుషులే 2000లో ‘లాస్ట్ డే ఇన్ వియత్నాం’ పుస్తకమయ్యారు. ఆయన సాహిత్యానికీ సైన్యం పనికీ మధ్య గోడ కట్టకూడదు అనడానికి ఇంతకంటే ఏం కావాలి?

వియత్నాంలో ఎం16 రైఫిళ్లు కాల్పుల మధ్యలో జామ్ అయ్యేవి. అలా ప్రాణాలు పోయాక 1968లో ఆ రైఫిల్ శుభ్రం చేసే పద్ధతి మీద ఐస్నర్ బొమ్మలతో ముప్పై రెండు పేజీల పుస్తకం వేశారు. అయితే సిపాయిల చూపు నిలవాలని రైఫిల్‌ను ప్రియురాలిలా చూపిస్తూ, ఆడవాళ్లను ఒంపుసొంపులతో గీసిన ఆ తీరు నాకు నచ్చలేదు. చెప్పే విషయంలో సత్తా ఉన్నప్పుడు ఆ ఎర అక్కర్లేదు. ‘ద స్పిరిట్’లో నల్లజాతి కుర్రాడిని గీసిన తీరునూ చాలామంది తప్పుపట్టారు, అది న్యాయమే.

వర్జీనియా కామన్‌వెల్త్ విశ్వవిద్యాలయం వారు ఆ పాత ‘పీఎస్’ సంచికలను ఆన్‌లైన్‌లో పెట్టారు. మా మనవరాలు ఫోనులో చూపించింది. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, కాబట్టి మీ పత్రికను కూడబలుక్కుని చదువుతుంది. ఆ ఇంగ్లీషు పేజీలో మాత్రం గ్రీజు ఎక్కడ పెట్టాలో బొమ్మ చూసి నాకే చెప్పింది! ఐస్నర్ సిపాయి మాట్లాడే మాటనే అచ్చులోకి తెచ్చారు. మా పర్లాకిమిడి వాళ్లకు ఈ ఆలోచన కొత్త కాదు. జనం మాట్లాడే తెలుగే రాతలోకి రావాలని గిడుగు రామమూర్తి పంతులుగారు పోరాడింది ఈ ఊళ్లో పాఠాలు చెబుతూనే. సవర గిరిజనుల మాట నేర్చుకుని వాళ్ల పిల్లల కోసం పుస్తకాలు రాసిందీ ఆయనే.

కాబట్టి ఒక విన్నపం. కాశీనగర్, గుణుపురం వైపు మన రైతుల్లో చాలామందికి మా మనవరాలిలాగే తెలుగు మాట వస్తుంది, చదవడం అంతంత మాత్రమే. డీజిల్ పంపుసెట్టు, పవర్ టిల్లర్‌తో వచ్చిన కాగితాలు ఇంగ్లీషులోనో హిందీలోనో ఉంటాయి. వ్యవసాయం పేజీలో వారానికి పావు పేజీ బొమ్మలకు ఇవ్వండి. ఆరు గళ్లు చాలు. మాటలు మా శ్రీకాకుళం యాసలోనే ఉండనివ్వండి.

మొదటి నాలుగు వారాలకు సరిపడా విషయం నేను రాసి పంపుతాను: ఫుట్‌వాల్వులో చెత్త ఇరికి పంపు నీళ్లు అందుకోకపోవడం, డీజిల్ లైన్లో ఎయిర్ తీయడం, ఎయిర్ క్లీనర్ ఆయిల్ మార్చడం, బెల్టు బిగువు చూడటం. నా చేతులు ఇప్పుడు వణుకుతున్నాయి, గీతలు తిన్నగా రావు. మీ చిత్రకారుల్లో ఒకరిని ఒక్క రోజు పంపండి, ఇంజన్ విప్పి చూపిస్తాను. నాట్లు మొదలయ్యేలోపు అయితే మేలు.

ఇట్లు,
మాజీ హవల్దార్ (ఈఎంఈ),
పర్లాకిమిడి, గజపతి జిల్లా, ఒడిశా