సొట్ట పడిందని చెప్పినవాడి పాస్ లాక్కోకండి: విమానయాన మంత్రి గారికి బహిరంగ లేఖ

పౌర విమానయాన శాఖ మంత్రి గారికి,

నమస్కారం. విమానాల మెయింటెనెన్స్‌లో చాలా ఏళ్లు పనిచేసి ఈమధ్యే రిటైరయ్యాను. ప్రయాణికులు, పైలట్లు దిగిపోయాక టార్చ్ పట్టుకుని విమానం చుట్టూ తిరిగేవాళ్లలో నేనూ ఒకణ్ణి. ముక్కు దగ్గర మొదలుపెట్టి ఒక రెక్క, తోక, రెండో రెక్క చూసుకుంటూ మళ్లీ ముక్కు దగ్గరికి వస్తాం. టైర్లు ఎలా ఉన్నాయి, ఇంజిన్ బ్లేడ్లకు పిట్ట ఏమైనా తగిలిందా, ఎక్కడైనా ఆయిల్ కారుతోందా, ప్యానెల్ ఊడిందా అని చూస్తాం. దీన్ని మేం వాక్‌రౌండ్ అంటాం. చూసేవాళ్లకు వాకింగ్ చేస్తున్నట్టే ఉంటుంది లెండి.

ఒక రాత్రి ఆఖరి ఫ్లైట్ వచ్చి ఆగాక, వెనక కార్గో డోర్‌కి జానెడు దూరంలో అరచెయ్యంత సొట్ట కనిపించింది. లైటు ఎదురుగా వేస్తే అది తెలియదు. టార్చ్‌ని విమానం ఒంటికి దాదాపు ఆనించి పక్క నుంచి వేస్తే నీడ పడి బయటపడింది. వేళ్లతో తడిమి చూశాను. పక్కనున్న రెండు రివెట్ల వెనక పొగచూరినట్టు మరక. అవి వదులై రాసుకుంటున్నాయన్నమాట. విమానంలో కనిపించిన లోపాలన్నీ రాసే టెక్ లాగ్ పుస్తకం తిరగేశాను, పాత సొట్టల చార్ట్ చూశాను, ఎక్కడా లేదు. అలాంటి మరక ఒక్క రోజులో రాదు. అంటే ఆ దెబ్బతోనే విమానం ఎన్నోసార్లు జనాన్ని ఎక్కించుకుని ఎగిరింది.

"పొద్దున్నే ఫస్ట్ ఫ్లైట్ ఇదే, రాయాల్సిందేనా?" అన్నాడు డ్యూటీ మేనేజర్. రాశాను. లోపలి లైనింగ్ విప్పితే ఫ్రేమ్‌కి పగులు కనిపించింది. విచారణలో అందరూ ఒకటే అడిగారు: ఎవడు కొట్టాడు? ఎవరూ నోరు విప్పలేదు. కొన్ని నెలల తర్వాత, విమానంలోకి సామాన్లు ఎక్కించే లోడర్ బండి నడిపే డ్రైవర్ ఒకడు నన్ను పక్కకు పిలిచాడు. "తగిలిందని నాకు అప్పుడే తెలుసు సార్. అంతకుముందు ఒకడు ఇలాగే చెప్తే మర్నాడే వాడి ఎయిర్‌పోర్ట్ ఎంట్రీ పాస్ లాగేసుకున్నారు." అతని మీద నాకు కోపం రావాలి. నిజం చెప్పాలంటే రాలేదు.

ఇది మా ఒక్కచోటి జబ్బు కాదు. 2005 డిసెంబర్ 26న అమెరికాలోని సియాటిల్‌లో అలాస్కా ఎయిర్‌లైన్స్ ఎండీ-83 విమానానికి సామాన్లు ఎక్కించే చోట వాహనం తగిలింది. రేకు మడత పడింది. ఆ పని చేసిన ఉద్యోగి వెంటనే ఎవరికీ చెప్పలేదు. విమానం సుమారు 26 వేల అడుగుల ఎత్తుకు వెళ్లాక అక్కడే చిరిగి అడుగు పొడవు, అరడుగు వెడల్పు కన్నం పడింది. క్యాబిన్‌లో గాలి ఒత్తిడి పోయింది. పైలట్లు క్షేమంగా వెనక్కి తెచ్చి దింపారు. నేల మీద ఒక్క మాట చెప్పి ఉంటే ఆ టెన్షన్ ఎవరికీ ఉండేది కాదు. 1988లో హవాయిలో గాల్లో ఉండగా పైకప్పు లేచిపోయిన అలోహా ఎయిర్‌లైన్స్ 243 విమానం కథ కూడా ఇలాంటిదే. ఎక్కేటప్పుడే ఒక ప్రయాణికురాలు పగులు చూశారు, కానీ ఎవరికీ చెప్పలేదు. ఆ ఘటనలో ఒక క్యాబిన్ ఉద్యోగిని చనిపోయారు.

ఇప్పుడు ఈ సమస్య ఇంకా ముదురుతోంది. అల్యూమినియం రేకు అయితే దెబ్బ తగిలితే సొట్ట పడుతుంది, నాలాంటివాడి టార్చ్‌కి దొరుకుతుంది. బోయింగ్ 787, ఎయిర్‌బస్ ఏ350 లాంటి విమానాల బరువులో దాదాపు సగం కార్బన్ ఫైబర్ కాంపోజిట్‌దే. దానికి దెబ్బ తగిలితే పైన పెయింట్ కూడా సరిగ్గా చెదరకపోవచ్చు, లోపల మాత్రం పొరలు విడిపోవచ్చు. అల్ట్రాసౌండ్ పెడితే తెలుస్తుంది. కానీ ఎక్కడ పెట్టాలో కొట్టినవాడు చెప్పాలి కదా!

అందుకే అడుగుతున్నాను సార్. వాహనం తగిలిందని తనంతట తాను చెప్పినవాడి ఉద్యోగానికి, పాస్‌కి, జీతానికి ఢోకా ఉండకూడదని రూల్ పెట్టండి. తాగి నడిపినవాడినీ, కావాలని కొట్టినవాడినీ వదిలేయమనడం లేదు. అమెరికాలో 1976 నుంచి నాసా నడుపుతున్న రిపోర్టింగ్ పద్ధతి ఉంది. పొరపాటు చేసినవాడు 10 రోజుల్లోపు రాసి పంపితే సాధారణంగా జరిమానా, లైసెన్స్ సస్పెన్షన్ లాంటివి తప్పుతాయి. యూరప్‌లో 376/2014 నిబంధన కూడా చెప్పినవాడికి రక్షణ ఇస్తుంది.

మన దగ్గరా కాగితం మీద ఏదో ఒకటి ఉందని మీ అధికారులు చెప్తారు. ఉండొచ్చు. కానీ ట్రాక్టర్ నడిపేవాడు, లోడర్ నడిపేవాడు కాంట్రాక్టర్ మనిషి. ఆ కాగితం వాడిదాకా రాదు. అలాంటి కాంట్రాక్ట్ మనుషులకు కూడా వర్తిస్తుందని స్పష్టంగా రాసి మరీ రూల్ పెట్టాలి. విమానం దిగి మళ్లీ ఎగిరేలోపు (టర్న్‌అరౌండ్‌లో) తనిఖీకి పట్టిన టైమును ఆలస్యం కింద లెక్కకట్టి మా నెత్తిన రుద్దడం కూడా ఆపించండి.

ఒక రాత్రి మీరే విమానం పార్క్ చేసే చోటికి రండి. టార్చ్ నేను తెస్తాను. వాక్‌రౌండ్ అయ్యాక ఆ డ్రైవర్లతో కాసేపు మాట్లాడండి. వాళ్ల సూపర్‌వైజర్లను మాత్రం పక్కన ఉంచుకోకండి.

ఇట్లు,
ఒక రిటైర్డ్ విమాన మెయింటెనెన్స్ ఇంజినీర్