ఛార్జింగ్ పంపుల్లో బ్యాటరీ మార్పిడి, పాత బ్యాటరీల సేకరణ గురించి ఫిర్యాదు

కస్టమర్ సర్వీస్ విభాగం మేనేజర్ గారికి,

ఆర్యా,

పల్నాడు జిల్లాలో పత్తికి, మిర్చికి మందు కొట్టే రైతులు మీ కంపెనీ 16 లీటర్ల ఛార్జింగ్ పంపులు చాలామంది వాడుతున్నారు. ఆ పంపులు బాగుచేసే మెకానిక్కులం మేము. మోటారు మీద, గన్ను మీద మాకు ఫిర్యాదు లేదు. ఈ లేఖ బ్యాటరీ గురించే. పంపులో అన్నిటికన్నా ముందు పోయేది అదే. పోయాక దాన్ని ఎలా మార్చాలో, పాతది ఎక్కడ ఇవ్వాలో మీ పుస్తకంలో ఒక్క ముక్క లేదు.

ప్రాణం మీదికి వచ్చే సంగతి ముందు చెబుతాం. సీసం బ్యాటరీ మోడలుకు, లిథియం మోడలుకు మీరు ఒకే సైజు ఛార్జింగ్ పిన్ను పెట్టారు. ఏ ఛార్జరైనా ఏ పంపుకైనా దిగుతుంది. సీసం బ్యాటరీ ఛార్జరు 14.4 వోల్టులు, ఒక్కోసారి అంతకు మించి కూడా ఇస్తుంది. మీ లిథియం ప్యాకులో వరుసగా మూడు సెల్లులున్నాయి. సెల్లుకు 4.2 చొప్పున మొత్తం 12.6 వోల్టులు దాటకూడదు. తప్పు ఛార్జరు తగిలిస్తే సెల్లుకు 4.8 వోల్టులు పడతాయి. అప్పుడు మంట అంటుకోకుండా ఆపేది లోపలి బీఎంఎస్ బోర్డు (ఛార్జింగ్ హద్దు దాటితే ఆపేసే రక్షణ సర్క్యూట్) ఒక్కటే. ట్యాంకు మూత దగ్గర కారిన మందు నీళ్లు కిందికి దిగి ఆ బోర్డు చిలుము పట్టిన పంపులు మా దగ్గరికి వస్తూనే ఉన్నాయి. రాత్రి ఇంట్లో ఛార్జింగ్ పెట్టి పక్కనే పడుకునే వస్తువు ఇది. లిథియం ఛార్జరును సీసం బ్యాటరీకి పెడితే మంట రాదు గానీ, 12.6 వోల్టులతో అది ఎప్పటికీ నిండదు. ప్లేట్ల మీద సల్ఫేటు పేరుకుని సీజను మధ్యలోనే చేతులెత్తేస్తుంది. పిన్ను సైజు వేరుగా ఉంటే ఈ రెండు నష్టాలూ ఉండవు. బయట షాపుల్లో సీసం బ్యాటరీ తీసి చవక లిథియం ప్యాకు బిగించి, పాత ఛార్జరే వాడుకోమని పంపుతున్నారు. దీని గురించి కూడా పంపు మీద పెద్ద అక్షరాలతో హెచ్చరిక ఉండాలి.

రెండోది ఫ్యూజు. పంపు తీసుకునే కరెంటు 4 ఆంపియర్ల లోపే. కానీ అడుగు భాగంలో వైర్లు ఒరిసి ప్లస్సు, మైనస్సు కలిస్తే 8 ఆంపియర్-అవర్ (Ah) బ్యాటరీ నుంచి క్షణంలో వంద ఆంపియర్లు దాటవచ్చు. ఆ సన్న వైరు కాలిపోతుంది. ప్లస్ టెర్మినల్ పక్కనే 7.5 ఆంపియర్ల ఫ్యూజు పెట్టడానికి మీకయ్యే ఖర్చు ఎంత?

బ్యాటరీ మార్చే పద్ధతి మీ పుస్తకంలో తెలుగులో, బొమ్మలతో ఉండాలి. ట్యాంకు ఖాళీ చేసి, పంపును సబ్బునీళ్లతో కడిగి ఆరనివ్వాలి. బ్యాటరీ పెట్టెలో పురుగుమందు చేరి ఉంటుంది కాబట్టి రబ్బరు గ్లౌజులు తప్పనిసరి. స్విచ్చి ఆపి, అడుగు స్క్రూలు విప్పి, ముందు నల్ల వైరు క్లిప్పు లాగి దానికి టేపు చుట్టాలి, తర్వాత ఎర్రది. లాగాల్సింది క్లిప్పును పట్టుకుని, వైరును కాదు. కొత్త సీసం బ్యాటరీ 12 వోల్టులు, 8 ఆంపియర్-అవర్లు, 151 × 65 × 94 మిల్లీమీటర్లు ఉండాలి. టెర్మినల్ వెడల్పు 4.8 మిల్లీమీటర్లా, 6.3 మిల్లీమీటర్లా అన్నది మీరు స్పష్టంగా రాయాలి. చిన్న టెర్మినల్‌కు పెద్ద క్లిప్పు వేస్తే వదులై, వేడెక్కి, ప్లాస్టిక్ కరుగుతోంది. బిగించే ముందు మీటరు పెట్టి చూస్తే 12.6 వోల్టుల పైన చూపాలి. 12.4 కంటే తక్కువుంటే అది షాపులో నెలల తరబడి ఛార్జింగ్ లేకుండా పడున్న సరుకు. ఎరుపు నలుపు తారుమారైతే ఛార్జింగ్ బోర్డు పోతుంది. చుట్టూ ఉన్న స్పాంజి తిరిగి పెట్టకపోతే నడకకు బ్యాటరీ అటూ ఇటూ కొట్టుకుని క్లిప్పులు ఊడతాయి.

వేసవిలో పంపు రేకుల షెడ్డులో పడుంటుంది. వేడి పెరిగేకొద్దీ సీసం బ్యాటరీ దానంతటదే తొందరగా దిగిపోతుంది. నిండా ఛార్జ్ చేసి దాచాలని, రెండు నెలలకోసారి మళ్లీ ఎక్కించాలని ఒక స్టిక్కరు అంటిస్తే సగం బ్యాటరీలు ఇంకో సీజను వస్తాయని మా నమ్మకం.

ఇక పాత బ్యాటరీలు. మీ డీలర్లు తీసుకోవడం లేదు. 'మేం పంపులే అమ్ముతాం, బ్యాటరీలు కాదు' అంటున్నారు. 2022 ఆగస్టులో కేంద్రం ఇచ్చిన బ్యాటరీ వ్యర్థాల నిర్వహణ నియమాల ప్రకారం, పరికరంలో పెట్టి తన బ్రాండు మీద బ్యాటరీ అమ్మే కంపెనీ కూడా ఉత్పత్తిదారే. వాడేసిన బ్యాటరీలను సేకరించి రీసైక్లింగుకు పంపే బాధ్యత దానిదే. వాటిని పూడ్చడం, తగలబెట్టడం నిషిద్ధం. డీలరు వద్దంటే రైతు పాత ఇనుప సామాన్ల వాళ్లకు తూకానికి ఇస్తాడు. వాళ్లు పెట్టె పగలగొట్టి యాసిడ్ నేల మీద పోసి, సీసం కరిగిస్తారు. బ్యాటరీ బరువులో సగానికి పైగా సీసమే. ఆ పొగ, ఆ దుమ్ము చిన్నపిల్లల మెదడును దెబ్బతీస్తాయి. ఇది మమ్మల్ని నిజంగా కలవరపెడుతోంది, ఎందుకంటే ఆ పొయ్యిలు ఊళ్ల మధ్యనే ఉంటాయి.

కాబట్టి ప్రతి డీలరు దగ్గర ఒక గట్టి ప్లాస్టిక్ తొట్టి పెట్టించండి. సీసం బ్యాటరీలను టెర్మినళ్లకు టేపు వేసి, నిలువుగా అందులో ఉంచాలి. లిథియం ప్యాకులను వాటితో కలపకూడదు. ఉబ్బిన లిథియం ప్యాకును ఛార్జ్ చేయకుండా, పొడవకుండా, పొడి ఇసుక పోసిన ఇనుప బకెట్లో ఆరుబయట ఉంచాలని డీలర్లకు నేర్పండి. పాతది తెచ్చిన రైతుకు కొత్తదాని ధరలో కొంత తగ్గించండి, లేకపోతే తూకం ధర ఇచ్చేవాళ్ల దగ్గరికే వెళ్తాడు.

ఇప్పటికే అమ్మిన లిథియం పంపులకు వేరే పిన్ను ఉన్న ఛార్జరు, సాకెట్టు ఉచితంగా మార్చి ఇవ్వాలి. ఎప్పటినుంచి ఇస్తారో, మా జిల్లాలో ఏ డీలర్లు పాత బ్యాటరీలు తీసుకుంటారో నెలలోగా రాతపూర్వకంగా తెలియజేయండి. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి పోర్టల్‌లో మీ ఉత్పత్తిదారు రిజిస్ట్రేషన్ నంబరు కూడా అందులో రాయండి. సమాధానం రాకపోతే ఇదే లేఖను రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలికి, వినియోగదారుల కమిషన్‌కు పంపుతాం.

ఇట్లు,
ఛార్జింగ్ పంపుల మెకానిక్కులు,
పల్నాడు జిల్లా

జతపరచినవి: రెండు మోడళ్ల ఛార్జింగ్ పిన్నుల ఫొటోలు, చిలుము పట్టిన బీఎంఎస్ బోర్డుల ఫొటోలు, కాలిన వైరు ముక్క.