మా అమ్మాయి గ్రాడ్యుయేషన్ పార్టీ బుకింగ్ రద్దు చేసి, ఆపైన మాకు జవాబే ఇవ్వకపోవడంపై ఫిర్యాదు

కస్టమర్ కేర్ విభాగం అధిపతి గారికి,

నమస్కారం. మీ కంపెనీ ద్వారా మా చిన్నమ్మాయి గ్రాడ్యుయేషన్ పార్టీకి హనుమకొండలో ఫంక్షన్ హాలు, డెకరేషన్, భోజనాలు అన్నీ కలిపి బుక్ చేసుకున్నాం. తీరా పార్టీ దగ్గర పడ్డాక హాలు దొరకదని ఒక మెసేజ్ పంపి మీరు చేతులు దులుపుకున్నారు. ఈ ఉత్తరం హాలు పోయినందుకు కాదు. శుభకార్యం అన్నాక కరెంటు పోతుంది, వంటవాళ్లు రారు, వాన పడుతుంది. అన్నీ చూశాం, సర్దుకున్నాం. కానీ మీ కంపెనీలో ఒక్క మనిషి కూడా ఫోన్ చేసి "అమ్మా, ఇలా జరిగింది, ఏం చేద్దాం" అనలేదు. అది నాకు ఇప్పటికీ మింగుడు పడటం లేదు.

ఆ పార్టీ మాకు ఏమిటో ముందు మీకు తెలియాలి. మా పుట్టింట్లోనూ, మెట్టినింట్లోనూ కలిపి మా అమ్మాయే మొదటి డాక్టర్. కాకతీయ మెడికల్ కాలేజీలో నాలుగున్నరేళ్ల ఎంబీబీఎస్, ఆపైన వరంగల్ ఎంజీఎం ఆసుపత్రిలో ఏడాది హౌస్ సర్జన్. నైట్ డ్యూటీ నుంచి వచ్చి, మెడలో స్టెతస్కోప్ కూడా తీయకుండా సోఫాలో పడి నిద్రపోయిన రోజులు నేను చూశాను. అందుకే ఈ పార్టీ డీజే కోసమో ఫొటోల కోసమో పెట్టుకున్నది కాదు. కోచింగ్ ఫీజుకు డబ్బు సర్దిన చుట్టాలను, చదువు చెప్పిన టీచర్లను పిలిచి, వాళ్ల ముందు పిల్లకు గౌను వేసి నిలబెట్టి, కడుపునిండా భోజనం పెట్టాలనుకున్నాం. ఈ మాటలన్నీ బుకింగ్ రోజున మీ సేల్స్ అబ్బాయికి కూర్చోబెట్టి చెప్పాను. స్టేజీ మీద ఏ రంగు పూలు కావాలో, పేరుకు ముందు "డాక్టర్" అని ఎంత పెద్ద అక్షరాల్లో రాయాలో అన్నీ రాసుకుని వెళ్లాడు.

అడ్వాన్స్ 75,000 రూపాయలు కట్టేదాకా ఆ అబ్బాయి రోజూ ఫోన్ చేశాడు. కట్టిన తర్వాత నేను చేస్తే ఎత్తడం మానేశాడు. వాట్సాప్‌లో మెసేజ్ పెడితే నీలం టిక్కులు పడేవి, జవాబు వచ్చేది కాదు. కొన్నాళ్లకు అతని ఫొటో కూడా కనపడలేదు. నా నంబరు బ్లాక్ చేశాడని మా అల్లుడు చెప్పాకే తెలిసింది.

హాలు లేదన్న మెసేజ్ రాగానే మీ కాల్ సెంటర్‌కు చేశాను. తెలుగు కోసం 2 నొక్కమంటే నొక్కాను. చాలాసేపు పాట వినిపించి, హిందీలో మాట్లాడే అబ్బాయికి కలిపారు. అతను "సంబంధిత విభాగానికి పంపిస్తాను" అని పెట్టేశాడు. రెండోసారి ఒక అమ్మాయి ఎత్తింది. "మేడమ్, సిస్టమ్‌లో మీ బుకింగ్ కన్ఫర్మ్ అయినట్టే చూపిస్తోంది, మీరు టెన్షన్ పడకండి" అంది. రద్దయిందని మీ కంపెనీయే మెసేజ్ పంపిందమ్మా అని చదివి వినిపించినా, సిస్టమ్‌లో ఉన్నదే మళ్లీ చెప్పింది. ఇంకొకతను హాలు ఓనర్‌తోనే మాట్లాడుకోమన్నాడు. మావారు ఎండలో హాలుకు వెళ్తే, అక్కడి మేనేజర్ రిజిస్టర్ తిప్పి చూపించాడు. వైశాఖంలో మంచి ముహూర్తం కావడంతో మా తేదీ పెళ్లివాళ్లకు రాసి ఉంది. "మీ కంపెనీ మాకు డబ్బు కట్టలేదు సార్, వాళ్లనే అడగండి" అన్నాడు. మీరు హాలువాళ్ల మీద, వాళ్లు మీ మీద చెప్పుకుంటూ అరవై దాటిన మనిషిని మధ్యలో బంతిలా తన్నారు.

ఇక చేసేది లేక పార్టీ మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో పెట్టుకున్నాం. షామియానా, కుర్చీలు, వంటవాళ్లు అన్నీ రెట్టింపు ధరకు తెచ్చుకున్నాం. కార్డులో హాలు పేరు అచ్చయిపోయింది కాబట్టి అందరికీ ఫోన్లు చేశాం. కొందరికి లైను కలవలేదు. అందుకని మీ కాల్ సెంటర్‌ను నేను చివరగా ఒక్కటే కోరాను. సాయంత్రం హాలు గేటు దగ్గర ఒక మనిషిని నిలబెట్టండి, లేదా మా అడ్రస్ రాసి ఒక కాగితం అంటించండి అన్నాను. "తప్పకుండా మేడమ్, నోట్ చేసుకున్నాను" అన్నారు. ఆ మాట మీ రికార్డింగుల్లో ఉంటుంది, వినండి.

అక్కడ మనిషీ లేడు, కాగితమూ లేదు.

పరకాల జిల్లా పరిషత్ హైస్కూల్లో మా అమ్మాయికి బయాలజీ చెప్పిన మాస్టారు రిటైరై చాలా ఏళ్లయింది. మోకాళ్ల నొప్పులతో బస్సెక్కి, శాలువా ఉన్న కవరు పట్టుకుని, కార్డులో ఉన్న హాలుకే వెళ్లారు. గేటు మీద ఎవరిదో పెళ్లి ఫ్లెక్సీ ఉంది. మా అమ్మాయి పేరు చెబితే అలాంటి ఫంక్షన్ ఇక్కడ లేదని వాచ్‌మన్ పంపేశాడు. ఆయన పక్కనున్న టీ కొట్టు దగ్గర చీకటి పడేదాకా కూర్చుని ఆఖరి బస్సుకు తిరిగి వెళ్లిపోయారు. మర్నాడు ఫోన్ చేసి, "తేదీ నేనే తప్పు చదివానేమోనమ్మా" అన్నారు. మా అమ్మాయి ఆ ఫోన్ పట్టుకుని ఏడ్చింది. గ్రాడ్యుయేషన్ రోజున కూడా తన కళ్లలో నీళ్లు రాలేదు.

ఆ వారంలోనే మీ నుంచి మెసేజ్ వచ్చింది. "మీ వేడుక ఎలా జరిగింది? మాకు 5 స్టార్లు ఇవ్వండి" అని. రిఫండ్ అడిగితే, ఈవెంట్ పూర్తయినట్టు సిస్టమ్‌లో ఉంది కాబట్టి రాదన్నారు. ఇంకొకరు రసీదు వెనక "అడ్వాన్స్ తిరిగి ఇవ్వబడదు" అని ఉందన్నారు. రద్దు చేసింది నేను కాదు, మీరు. రాసిన ఈమెయిళ్లకు ఒకే జవాబు, 48 గంటల్లో పరిష్కరిస్తామని. ఆ తర్వాత నాతో ఎవరూ మాట్లాడకుండానే "మీ ఫిర్యాదు పరిష్కరించబడింది" అని మూసేశారు. ఎవరికి పరిష్కారమైంది?

మేం మీకు కొత్తవాళ్లం కాదు. పెద్దమ్మాయి రిసెప్షన్, మావారి షష్టిపూర్తి మీ చేతే చేయించాం. మా కాలనీలో ఎవరింట శుభకార్యం ఉన్నా మీ పేరే చెప్పాను. నా మాట విని మీకు డబ్బు కట్టినవాళ్లకు ఇప్పుడు ఏం చెప్పాలో నాకు తోచడం లేదు.

హైదరాబాద్ ఆఫీసుకు వచ్చి మాట్లాడుకోమని మీవాళ్లు ఒకరు అన్నారు. రావలసిన అవసరం నాకు లేదు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం నేను ఉండే జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే కేసు వేయొచ్చు. మనం కట్టిన డబ్బు 5 లక్షల లోపు అయితే ఫీజు కూడా లేదు, వకీలు లేకుండా నేనే వాదించుకోవచ్చు. సేవ సరిగా చేయనప్పుడు, రసీదులో గడువు లేకపోతే 30 రోజుల్లో డబ్బు తిరిగివ్వాలని అదే చట్టం చెబుతోంది. మీ రసీదులో గడువు లేదు, 30 రోజులూ దాటిపోయాయి. ఈ ఉత్తరం అందిన వారంలోగా జవాబు రాకపోతే 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేస్తాను, ఆ వెంటనే కమిషన్‌కు వెళ్తాను. రసీదు, మెసేజ్‌లు, కాల్స్ వివరాలు అన్నీ ప్రింట్లు తీయించి ఫైల్లో పెట్టాను.

అడ్వాన్స్ పూర్తిగా వెనక్కి రావాలి. అప్పటికప్పుడు మాకు పడిన అదనపు ఖర్చు బిల్లులు కూడా జత చేస్తున్నాను, అవీ మీరే భరించాలి. వీటన్నిటికంటే ముందు మాస్టారికి మీ కంపెనీ ఫోన్ చేసి, తేదీ ఆయన తప్పు చదవలేదని, తప్పు మీదని చెప్పాలి. కాల్ సెంటర్ పిల్లల చేత చేయిస్తే ఒప్పుకోను, మీరే చేయాలి. ఆయనను అడిగి నంబరు నేనిస్తాను.

ఇట్లు,
మీ పాత కస్టమర్, ఒక డాక్టర్ తల్లి
హనుమకొండ