ఎర్ర తూనీగలన్నీ ఒకటి కావు

సంపాదకులకు,

వానలు మొదలయ్యాయంటే మిద్దెతోటల్లో, పెరళ్లలో వాలిన తూనీగల ఫొటోలు పాఠకులు పంపడం, పత్రికలు వాటిని అచ్చు వేయడం పరిపాటి. సంతోషమే. అయితే ఫొటో కింద ‘అరుదైన ఎర్ర తూనీగ’ అని ఒక్క ముక్క రాసి వదిలేయడం మాత్రం బాధగా ఉంటోంది. తెలుగునాట ఇంటి తోటకు వచ్చే ఎర్ర తూనీగల్లోనే తరచుగా కనిపించే జాతులు నాలుగున్నాయి. వాటిలో ఏదీ అరుదైనది కాదు. దేన్ని ఎలా గుర్తుపట్టాలో తెలిస్తే ఫొటో పంపేవారికీ తృప్తి, చదివేవారికీ లాభం.

వాలినప్పుడు రెక్కలు పరుచుకుని ఉంటే తూనీగ. వీపు మీద మడుచుకుని, సూదిలా సన్నగా ఉండి, రెండు కళ్లూ తలకు చెరో కొసన ఎడంగా ఉంటే అది సూది తూనీగ. అక్కడే సగం పని తేలిపోతుంది. తర్వాత అందరూ చూసేది రంగు. పొరపాటు మొదలయ్యేదీ అక్కడే. రంగును చివరికి వదిలి ముందు రెక్కల మొదలు, ఆ తర్వాత కాళ్లు, ఆ తర్వాత తోక నడిమి గీత చూడాలి. తోకలా కనిపించే భాగం నిజానికి పొట్ట. దానికి పది కణుపులుంటాయి. ఎన్నో కణుపు మీద ఏ మచ్చ ఉందన్నది చాలా జాతుల్లో తీర్పు చెప్పే గుర్తు.

తల నుంచి కాళ్ల దాకా నెత్తురు ఎరుపు ఉండి, పొట్ట పైన నిలువునా సన్నటి నల్లగీత కనిపిస్తే అది క్రోకోథెమిస్ సర్విలియా (ఇక్కడ ఇచ్చేవన్నీ శాస్త్రీయ నామాలే) మగది. వెనక రెక్క మొదట్లో తేనెరంగు మచ్చ ఉంటుంది, మిగతా రెక్కంతా తేటగా ఉంటుంది. కాళ్లు కూడా ఎర్రగానే ఉండటం దీని ముఖ్యమైన గుర్తు. చిక్కుడు పందిరి కర్ర కొసన, ఎండిన కొమ్మ చివర వాలి, ఎగిరినా మళ్లీ అదే చోటికి వస్తుంది.

ఎరుపులో గులాబీ, ఊదా కలిసినట్టుండి, కాళ్లు నల్లగా ఉంటే ట్రిథెమిస్ అరోరా. దీని రెక్కల్లోని ఈనెలు కూడా ఎర్రగా ఉంటాయి. వెలుతురుకు ఎదురుగా తీసిన ఫొటోలో ఇవి స్పష్టంగా తెలుస్తాయి. ఈ రెండింటినీ కలగలిపేసేవారే ఎక్కువ. ఫొటోలో కాళ్లు కనిపిస్తే ఆ గందరగోళం ఉండదు.

మూడోది బ్రాకిథెమిస్ కంటామినేటా. చిన్నది, వెనక రెక్క 20 నుంచి 23 మిల్లీమీటర్లే. క్రోకోథెమిస్‌కు అది 27 నుంచి 38 దాకా ఉంటుంది. దీని మగదానికి రెక్కల మొదలు నుంచి ముప్పాతిక భాగం దాకా నారింజ రంగు పరుచుకుని ఉంటుంది. మురికి కాలువల్లో, మురుగు చేరిన చెరువుల్లో కూడా గుడ్లు పెట్టి బతకగలదు కాబట్టి పట్నాల్లో ఎక్కువ కనిపించేది ఇదే. మీ తోటలో గుంపులుగా కనిపిస్తుంటే దగ్గరలో మురుగునీరు నిలిచి ఉందేమో చూసుకోవడం మంచిది.

నాలుగోది ఆర్థెట్రమ్ ప్రూయినోసమ్. పొట్ట గులాబీ ఎరుపు. ఛాతీ మాత్రం ముదురుగా, బూడిద చల్లినట్టు నీలి ఛాయతో ఉంటుంది. రెండు రంగుల ఈ తేడా దూరం నుంచే తెలుస్తుంది. చెరువు పక్కన తోట ఉన్నవారికి యూరోథెమిస్ సిగ్నేటా అనే ఐదోది కూడా కనిపించవచ్చు. 8, 9 కణుపుల పైన నల్ల మచ్చలుంటే అది అదే.

ఇక్కడ చెప్పిన ఎరుపంతా ముదిరిన మగవాటిది. ఆడవి ఎక్కువగా పసుపు, గోధుమ రంగుల్లో ఉంటాయి. కొత్తగా పొట్టు విడిచి వచ్చినది మగదైనా ఆడదైనా పాలిపోయి, రెక్కలు తడి గాజులా మెరుస్తూ ఉంటుంది. అసలు రంగు రావడానికి రోజులు పడుతుంది. అందుకే పసుపు తూనీగ కనిపించగానే కొత్త జాతి అనుకోకూడదు. మగదా ఆడదా అన్నది పక్కనుంచి చూస్తే తేలుతుంది. పొట్ట మొదట్లో, రెండో కణుపు అడుగున బుడిపె ఉంటే మగది.

ఎరుపు కాని వాటిలో మిద్దెతోట వాళ్లు తెలుసుకోవాల్సింది బ్రాడినోపైగా జెమినేటా. ఒళ్లంతా బూడిద, నలుపు మచ్చలతో ప్రహరీ గోడ మీద అతుక్కుని వాలితే గ్రానైట్ ముక్కకూ దానికీ తేడా తెలియదు. రెక్క కొస దగ్గరి గడిలో నడిమి నల్లగా, రెండు చివర్లూ తెల్లగా ఉంటే సందేహం అక్కర్లేదు. సిమెంటు తొట్లలో, తామర, కలువ టబ్బుల్లో గుడ్లు పెట్టేది ఎక్కువగా ఇదే; పిల్లలు ఆ నీళ్లలోనే పెరుగుతాయి. తొట్టి అంచున ఎండిన పొట్టు అంటుకుని, దానిలోంచి తెల్లటి దారపు పోగులు బయటికి వచ్చి ఉంటే తూనీగ అక్కడే పుట్టిందని అర్థం. ఆ పోగులు పిల్ల ఊపిరి గొట్టాల లోపలి పొర. పొట్టును పారేయకుండా అగ్గిపెట్టెలో దాచండి, జాతిని తేల్చడానికి అదీ పనికొస్తుంది. తొట్టిలో దోమల మందు వేస్తే దోమ పిల్లలను తినే ఈ పిల్లలు కూడా చావవచ్చు. అలాగని వాటి మీద భరోసా పెట్టి డ్రమ్ముల్లో, కూలర్లలో నీళ్లు నిల్వ ఉంచకండి. దోమ గుడ్డు నుంచి ఎగిరే దాకా వారం పది రోజులు చాలు, తూనీగ పిల్ల ఎదగడానికి వారాలు పడుతుంది.

వానాకాలంలో డాబాల పైన గుంపులుగా తిరిగే బంగారు పసుపు తూనీగ పాంటాలా ఫ్లావెసెన్స్. అరుదుగా వాలుతుంది, వాలితే కొమ్మకు నిలువుగా వేలాడుతుంది. ఇవి మన దేశం నుంచి మాల్దీవుల మీదుగా హిందూ మహాసముద్రం దాటి తూర్పు ఆఫ్రికాకు వలస పోతాయని చార్లెస్ ఆండర్సన్ 2009లో ప్రచురించిన పరిశోధనలో ప్రతిపాదించారు.

ఇక ఫొటో సంగతి. ఒక్కటి చాలదు, నాలుగు కావాలి. నేరుగా పైనుంచి ఒకటి, పక్కనుంచి ఛాతీ చారలు, కాళ్లు కనిపించేలా ఒకటి, ముఖం ఒకటి, పొట్ట కొస ఒకటి. తెల్లవారి చల్లగా ఉన్నప్పుడు ఒళ్లు వేడెక్కక ఎగరలేక కూర్చుని ఉంటాయి, అప్పుడు దగ్గరకు పోనిస్తాయి. మీ నీడ దాని మీద పడితే లేచిపోతుంది. అందుకని సూర్యుడికి అడ్డం రాకుండా, వంగి, మెల్లగా జరగాలి. ఫోనులో జూమ్ చేస్తే ఈనెలు చెదిరిపోతాయి. ముందు దూరం నుంచే ఒకటి తీసి ఉంచుకుని, తర్వాత అడుగు అడుగు దగ్గరవ్వడం మేలు.

ఐనాచురలిస్ట్ వంటి యాప్‌లో పెడితే పేరు సూచిస్తుంది. మొదటి సూచననే నమ్మేయకండి. క్రోకోథెమిస్ సర్విలియాకు బదులు దానిని పోలిన, యూరప్, ఆఫ్రికాల్లో మామూలుగా కనిపించే క్రోకోథెమిస్ ఎరిత్రియా పేరు రావచ్చు. పొట్ట మీది నల్లగీత చూసి సరిచేసుకోవచ్చు. ఊరు, తేదీ తప్పకుండా రాయండి. అవి లేని ఫొటో ఎంత అందంగా ఉన్నా లెక్కలోకి రాదు.

పట్టుకోవాల్సిన అవసరం లేదు. పిల్లలు తోకకు దారం కట్టి ఆడటం ఇంకా చాలాచోట్ల ఉంది. ఆ కణుపులు తెగితే తూనీగ బతకదు. దయచేసి మాన్పించండి.

పత్రిక వారికి ఒక విన్నపం. పాఠకుల నుంచి తూనీగ ఫొటో తీసుకునేటప్పుడు పక్కనుంచి తీసిన రెండోది, ఊరు, తేదీ కూడా అడగండి. జాతి తేలకపోతే ‘ఎర్ర తూనీగ, మగది’ అని వేయండి చాలు. ‘అరుదైన’ అనే మాట మాత్రం తెలిసినవారు చూసి చెప్పాకే వేయండి.

– తూనీగలను గమనించే ఒక పాఠకురాలు, వరంగల్