గాయం తర్వాత మళ్లీ మారథాన్ శిక్షణలోకి తెచ్చినవాళ్లకు కృతజ్ఞతలు

గాయపడి ఆగిపోయి, ఈ సీజన్‌లో మళ్లీ మారథాన్ శిక్షణ మొదలుపెట్టిన మా గ్రూపు సభ్యులందరి తరఫునా ఈ పోస్టు. ఒట్టి 'థాంక్స్' అని వదిలేస్తే ఎవరు ఏం సాయం చేశారో పైకి తెలియదు. అందుకే ఎవరు ఏం చేశారు, అది ఎందుకు పనిచేసింది అన్నది వివరంగా రాస్తున్నాం. రేపు ఇంకెవరికైనా కాలి ఎముకలో పగులు వస్తే అక్కరకొస్తుంది.

గాయం మానిన రన్నర్‌కు రోజూ పొద్దున్నే ఎదురయ్యే ప్రశ్న ఒకటే. ఈ నొప్పి ఆగమంటోందా, ఫర్వాలేదు సాగమంటోందా? షూ లేసులు కట్టుకున్నాక, గేటు దగ్గర ఫ్రెండ్స్ ఎదురుచూస్తుండగా ఆ ప్రశ్నకు సరైన జవాబు దొరకదు. ఆత్రం ఉంటే ప్రతి నొప్పీ చిన్నదిగా, భయం ఉంటే ప్రతి చిన్న పోటూ పెద్దదిగా అనిపిస్తుంది. మాకు సాయపడినవాళ్లు ఆ నిర్ణయాన్ని ముందురోజే, ప్రశాంతంగా ఉన్నప్పుడే తీసుకునేలా చేశారు.

మొదటి కృతజ్ఞత మా ఫిజియో మేడమ్‌కు. గాయాలన్నిటికీ ఒకే సూత్రం చెప్పకుండా ఎముక గాయానికి ఒకటి, టెండన్ (కండరాన్ని ఎముకకు కలిపే పట్టీ) గాయానికి ఒకటి వేర్వేరుగా కాగితం మీద రాసిచ్చారు. మోకాలి కింద లోపలివైపు ఎముక అంచు వెంబడి బొటనవేలితో మెల్లగా నొక్కుకుంటూ వెళ్తే నొప్పి ఐదు సెంటీమీటర్లకు పైగా పరుచుకుని ఉందా, లేక ఒక్క రూపాయి బిళ్లంత చోటే చురుక్కుమంటోందా అన్నది ఆమె ముందు చూస్తారు. పరుచుకున్నది చాలాసార్లు షిన్ స్ప్లింట్స్, అంటే పగులు లేకుండా ఒత్తిడికి ఎముక అంచు వెంబడి వచ్చే నొప్పి. ఒక్కచోటే ఉంటే స్ట్రెస్ ఫ్రాక్చర్ (పదేపదే పడే ఒత్తిడికి ఎముకలో వచ్చే సన్నని పగులు) అనుమానం, ఎమ్మారై స్కాన్ తప్పదు. మొదటి వారాల్లో ఎక్స్‌రేలో ఈ పగులు కనపడకపోవచ్చు కాబట్టి 'ఎక్స్‌రే బాగానే ఉంది' అని పరుగు మొదలుపెట్టడానికి లేదు.

ఎముక గాయానికి ఆమె పెట్టిన నియమం: సున్నా నుంచి పది దాకా ఉండే కొలతలో నొప్పి సున్నా ఉండాలి. పరుగులో ఒకటి తగిలినా ఆగి నడక. రాత్రి పడుకున్నప్పుడు నొప్పి వస్తే డాక్టరు దగ్గరికి. మడమ వెనక ఉండే అకిలిస్ లాంటి టెండన్ గాయానికి ఇంత కఠినం అక్కర్లేదు. పరుగులో మూడు దాకా ఫర్వాలేదు, కానీ మర్నాడు పొద్దున మంచం దిగి వేసే మొదటి అడుగుల్లో బిగుతు నిన్నటికంటే ఎక్కువ ఉంటే ఒక మెట్టు వెనక్కి. ఈ రెండూ కలిపేస్తే అనర్థమే. ఎముక గాయమున్న మనిషి 'మూడేగా' అని సాగిస్తాడు, టెండన్ గాయమున్న మనిషి సున్నా కోసం నెలల తరబడి కూర్చుని కాలిని ఇంకా బలహీనం చేసుకుంటాడు. ఇవి మా వాళ్ల గాయాలు చూసి రాసిచ్చినవి, మీవి మీ ఫిజియో చేత రాయించుకోండి.

తర్వాత, మాతో నడిచినవాళ్లకు. పూర్తి ఫిట్‌నెస్‌తో ఉండి కూడా తమ పరుగు మానుకుని, స్టేడియం ట్రాక్ మీద నడక-పరుగు మెట్లలో పక్కన ఉన్న అన్నలు, అక్కలు వీళ్లు. నొప్పి లేకుండా 30 నిమిషాలు గబగబా నడవగలిగాకే మొదటి మెట్టు. ఒక నిమిషం పరుగు, రెండు నిమిషాల నడక, అలా పదిసార్లు. రోజు విడిచి రోజు మాత్రమే. ప్రతి మెట్టూ కనీసం రెండుసార్లు ఇబ్బంది లేకుండా అయితేనే పైమెట్టు. ఒకసారికి ఒక్కటే పెంచాలి: ముందు సమయం, తర్వాత ఎత్తుపల్లాలు, అన్నిటికంటే చివర వేగం. ట్రాక్ మీద ఎప్పుడూ ఒకే దిశలో తిరిగితే మలుపుల్లో రెండు కాళ్ల మీదా బరువు ఒకేలా పడదు. అందుకే జనం లేనప్పుడు దిశ మార్చేవాళ్లం. కేబీఆర్ పార్కు చుట్టూ ఉన్న దిగుడు దారికి మాత్రం తొందరపడొద్దు. దిగేటప్పుడు తొడకూ మోకాలికీ దెబ్బ ఎక్కువ. నెక్లెస్ రోడ్డు లాంటి చదును దారిలో వరసగా 40 నిమిషాలు పరిగెత్తగలిగాకే అటు వెళ్లడం మంచిదని మా అభిప్రాయం.

ఈ దశలోనే మనసు మోసం చేస్తుంది. గుండె, ఊపిరి కొన్ని వారాల్లోనే తేరుకుంటాయి, ఎముక, టెండన్ గట్టిపడటానికి నెలలు పడుతుంది. ఆయాసం లేదు కాబట్టి ఇంకో రెండు కిలోమీటర్లు వెళ్దామనిపిస్తుంది. సరిగ్గా అప్పుడు "ఇయ్యాల్టికి చాలన్నా, నడుద్దాం" అని పక్కనుంచి వినపడిన మాట ఎన్ని గాయాలను ఆపిందో! అలా అనాలని వాళ్లకు ముందే చెప్పి ఉంచాం. ఆ మాట వచ్చాక వాదించకూడదన్నది ఒప్పందం. వాళ్లు మొహమాటపడకుండా అన్నారు, అందుకు చేతులెత్తి నమస్కారం.

వాచీ సెట్టింగులు మార్చిపెట్టిన తమ్ముడికి ప్రత్యేకంగా. గార్మిన్ వాచీ తెర మీద పేస్ (కిలోమీటరుకు పట్టే సమయం) తీసేసి మొత్తం పరిగెత్తిన సమయం ఒక్కటే కనపడేలా పెట్టాడు, పరుగులు నమోదుచేసే స్ట్రావా యాప్‌లో పాత రికార్డులతో పోలిక కనపడకుండా చేశాడు. చిన్న పనే, కానీ ఏప్రిల్, మే నెలల్లో దీని విలువ తెలుస్తుంది. పొద్దున ఐదింటికే ఉక్కపోత ఉన్నప్పుడు చల్లదనం కోసం చర్మానికి రక్తం ఎక్కువ వెళ్తుంది, చెమటతో నీరు పోతుంది, దాంతో అదే వేగానికి గుండె ఇంకా గట్టిగా కొట్టుకుంటుంది. డిసెంబరు నాటి అంకెతో పోల్చుకుంటే ఫిట్‌నెస్ అంతా పోయిందనిపిస్తుంది. నిజానికి చాలాసార్లు అది వాతావరణం తేడా మాత్రమే. మాట్లాడుతూ పరిగెత్తగలుగుతున్నామా అన్న పరీక్షే మా వాళ్లకు సరిపోయింది.

క్రీడాకారులతో పనిచేసే కౌన్సెలర్ గారికి మేం పడ్డ రుణం వేరు. నొప్పిని వెతుక్కోవడం మానమని ఆయన చెప్పలేదు, వెతికే వేళలు పెట్టారు. పది నిమిషాలకోసారి, ఇరవై సెకన్లు మాత్రమే గాయమైన చోటు మీద ధ్యాస పెట్టి ఒక అంకె ఇవ్వాలి. తర్వాత ధ్యాస అడుగుల లెక్క మీదికి. నిమిషానికి 160 అడుగులు వేసేవాళ్లు 168 వేస్తే అడుగు పొట్టిదై మోకాలి మీద భారం తగ్గుతుంది కాబట్టి ఆ లెక్క మనసుకూ కాలికీ రెండింటికీ పనికొచ్చింది. గాయం తర్వాత ఆటకు మనసు సిద్ధంగా ఉందో లేదో చూసేందుకు 2009లో డగ్లస్ గ్లేజర్ ప్రచురించిన ఆరు ప్రశ్నల కొలమానాన్ని కూడా ఆయన వాడారు. ఒక్కో ప్రశ్నకు నమ్మకం ఎంత అని సున్నా నుంచి వంద దాకా వేసుకుని, మొత్తాన్ని పదితో భాగిస్తే గరిష్ఠం 60. మొత్తం కంటే విడివిడి జవాబులే ఎక్కువ చెబుతాయి. సామర్థ్యం మీద 90 వేసి, గాయం గురించి ఆలోచించకుండా ఆడగలనా అన్నదానికి 40 వేస్తే కాలు సిద్ధం, మనసు ఇంకా లేదని అర్థం. అలాంటివాళ్లకు లాంగ్ రన్ (వారంలో అన్నిటికంటే పొడవైన పరుగు) పెంచకుండా అదే దూరాన్ని మళ్లీ మళ్లీ చేయించారు.

ఆయనే చెప్పిన ఇంకో మాట అందరికీ చేరాలి. రెండు వారాలకు పైగా దిగులు, నిద్ర పట్టకపోవడం, దేనిమీదా ఆసక్తి లేకపోవడం ఉంటే అది పరుగు సంగతి కాదు. టెలి మానస్ నంబరు 14416, ఉచితం, 24 గంటలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడొచ్చు.

ఇంట్లో వండిపెట్టినవాళ్లకు. పరుగు ఆగిందని, బరువు పెరుగుతుందని తిండి తగ్గించడం గాయపడ్డవాళ్లు తరచూ చేసే పని. ఎముక అతుక్కునే రోజుల్లోనే శక్తి కావాలి, తక్కువ తింటే కోలుకోవడం వెనకబడుతుంది. పెద్దలకు రోజుకు 1000 మిల్లీగ్రాముల కాల్షియం కావాలి, 100 గ్రాముల రాగుల్లో 340కి పైగానే ఉంటుంది. రాగి జావ, పెరుగు, గుడ్డు వద్దన్నా గిన్నెలో వేసిన అమ్మలకు, అత్తలకు, ఇల్లాళ్లకు, భర్తలకు దండం.

ఈతకొలను సిబ్బందికి కూడా. లోతువైపు, నీళ్లలో తేల్చే బెల్టు కట్టుకుని, కాలు అడుగుకు తగలకుండా నీళ్లలో పరిగెత్తేందుకు ఒక వరస వదిలారు. విసుగు పుట్టే పని అది. మూడు నిమిషాలు గట్టిగా, ఒక నిమిషం నెమ్మదిగా అని ముక్కలు చేస్తేనే గంట గడుస్తుంది.

చివరగా, పోటీ నిర్ణయంలో తోడున్న పేసర్లకు, అంటే ఒకే వేగంతో పరిగెత్తి మిగతావాళ్లను నడిపించేవాళ్లకు. ఆగస్టులో జరిగే హైదరాబాద్ మారథాన్ చదును దారి కాదు, ఫ్లైఓవర్లు ఎక్కి దిగాలి, తేమ ఎక్కువ. పోటీకి ఎనిమిది వారాల ముందు 16 కిలోమీటర్లు నొప్పి లేకుండా పూర్తిచేసి, మర్నాడు మామూలుగా మెట్లు దిగగలిగితేనే ఫుల్ మారథాన్, లేకపోతే హాఫ్ మారథాన్ అని వాళ్లు తేదీ పెట్టి రాయించుకున్నారు. హాఫ్‌కు మారినవాళ్లతో 'అయ్యో' అనలేదు, పరిగెత్తలేక నీళ్ల టేబుల్ దగ్గర సాయానికి నిలబడ్డవాళ్లను 'ఎప్పుడు మొదలెడతావ్' అని అడగలేదు. 'ఈ వారం ఏం చేశావ్' అని అడిగారు. రెండింటికీ చాలా తేడా ఉంది.

నడక-పరుగు మెట్ల కాగితం కావలసినవాళ్లు కామెంటులో అడగండి, పంపుతాం. గాయం ఎముకదో టెండన్‌దో డాక్టరుతోనో ఫిజియోతోనో తేల్చుకుని రండి, అది తేలకుండా మొదటి మెట్టు వేయించం.